లచ్చవ్వకు లేని వదినె

అరవై మూడేళ్ళ వయసులో స్పానిష్ నేర్చుకుంటున్నానంటే కామారెడ్డిలో నన్ను చూసి నవ్వని వాళ్ళు లేరు. మా ఆయనైతే మొదటి వారమంతా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ టీతో పాటు ఈ ముచ్చట కూడా పోశాడు. మీ వదినె స్పెయిన్‌లో సర్పంచిగా నిలబడుతుందట, ఓట్లు మీరే వేయాలి అని. ముప్పై ఏళ్ళు గాంధారి తండాల్లో ఎండనక వాననక టీకాల డబ్బా భుజానేసుకుని తిరిగిన నర్సును నేను. మనుషులు నవ్వితే ఆగిపోయే రకాన్నయితే ఎప్పుడో ఆగిపోయేదాన్ని. నవ్వుకోండి, నాకు పనుంది అన్నాను. పని నిజంగానే ఉంది. స్పెయిన్‌లో ఒక ముసలావిడకు నేను నాలుగు మాటలు చెప్పాలి. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆమె ఆగుతుందో లేదో తెలియదు కాబట్టి నేను ఆగడానికి లేదు.

ఇదంతా మొన్న ఎండాకాలంలో మా ఇంటికొచ్చిన ఒక కేరళ సిస్టరుతో మొదలైంది. సికింద్రాబాద్‌లో ఉంటుందట, ఏదో పని మీద ఎల్లారెడ్డి పోతూ మధ్యలో దిగి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పిలారమ్మ బతికే ఉందని చెప్పింది. మా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో చిన్న దవాఖాన నడిపిన స్పెయిన్ సిస్టరు ఆమె, అప్పట్లో నేను ఆమె దగ్గర పనిచేశానని ఎవరో చెబితే ఈ సిస్టరు నా దాకా వచ్చిందట. అసలు పేరు పిలార్, మా వాళ్ళ నోట్లో పడి పిలారమ్మ అయింది. ఇప్పుడు వాళ్ళ దేశంలో ముసలి సిస్టర్లుండే ఇంట్లో ఉంటోందట. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి తగ్గిందట. తగ్గాక చూస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు లేదు, పుట్టుభాష ఒక్కటే మిగిలిందట. ఇదంతా చెప్పి, నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెడుతూ ఆ సిస్టరు అడిగింది, లచ్చవ్వ అంటే తెలుగులో ఏమిటండీ అని. పిలారమ్మ ఊరికే ఉన్నట్టుండి ఆ మాట అంటుందట. అక్కడున్న వాళ్ళు తెలుగులో అమ్మను అలా పిలుస్తారేమో అనుకున్నారట. అది ఒక మనిషి పేరమ్మా అని మాత్రం చెప్పి, వంటింట్లోకి పోయి, ఏ పనీ లేకుండా అక్కడే కాసేపు నిలబడ్డాను.

ఆ సిస్టరు చాలా మంచిది. ఏం చెప్పాలో నాకు చెప్పండి, నేను రాసి పంపిస్తాను, అక్కడి వాళ్ళు స్పానిష్‌లో చదివి వినిపిస్తారు అంది. ఒద్దన్నాను. ఎందుకొద్దో ఆమెకు చెప్పలేదు, మీకు చెబుతాను. మధ్యలో ఒక మనిషి నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చేరవేసినందుకే ఒక ప్రాణం పోయింది. ఆ మధ్యలో నిలబడ్డ మనిషిని నేనే. ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ మధ్యలో ఇంకొకరిని నిలబెడతానా? ఈసారి నా నోటి నుంచి ఆమె చెవికే పోవాలి. మా వీధి చివర రెండు గదులు కిరాయికి తీసుకుని సుస్మిత అని దోమకొండ పిల్ల ఉంటుంది. హైదరాబాద్ కంపెనీ పనిని ఇంటి నుంచే చేస్తూ పొద్దంతా ఫోన్లో స్పానిష్ మాట్లాడుతుంది. మర్నాడే పోయి ఆ పిల్ల తలుపు కొట్టాను. ఆదివారం ఆదివారం వస్తా, నన్ను మూలకు కూర్చోబెట్టినా సరే, నేర్పాల్సిందే అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నోటుబుక్కు తెచ్చుకున్నవా ఆంటీ అని మాత్రం అడిగింది.

నా చిన్నతనం అంటే నాకు ముందు గుర్తొచ్చేది తడిపిన తునికాకు వాసన. ఎల్లారెడ్డిలో మా ఇంటి వాకిట్లో పొద్దున్నే అమ్మ గోనెసంచి విప్పి బీడీల ఆకు తడిపేది. పచ్చివాసనా తంబాకు ఘాటూ కలిసి మా బట్టల్లో, అన్నంలో, ఆఖరికి నా బడి పుస్తకాల్లో కూడా ఉండేవి. పది గంటలకల్లా వాడకట్టు ఆడవాళ్ళు ఆరేడుగురు ఒళ్ళో చాటలు పెట్టుకుని చేరేవాళ్ళు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోళ్ళు వాటి పని అవి. మా అవ్వ, అంటే మా బాపు తల్లి, గోడకు ఆనుకుని కూర్చుని ఆ నోళ్ళన్నిటినీ కనిపెట్టుకుని ఉండేది. అవ్వ మంత్రసాని. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆమె చేతుల్లో పడని పిల్లలు తక్కువ. ఎవరికేముందో వాళ్ళ నడక చూసి చెప్పేది. తనకేముందో మాత్రం చచ్చినా చెప్పేది కాదు. తలనొస్తే, ఈ ఇంట్ల ఒక ముసలిదున్నది, దానికి తలకాయ పగులుతుందట, ఎవరన్న ఇంత శొంఠి అరగదీస్తే బాగుండు అనేది. ఆ ముసలిది ఎవరో తనకు తెలియనట్టు మొహం పెట్టేది. మేం నవ్వుకుంటూ శొంఠి అరగదీసేవాళ్ళం.

అవ్వ ఒక్కతే కాదు, మా దిక్కు ఆడవాళ్ళందరూ అంతే. ఒంట్లో బాగాలేదన్న మాట సొంత నోటితో ఒప్పుకుంటే ఆ రోగం ఇల్లు కట్టుకుని కూర్చుంటుందని భయం ఒకటి. అత్త చెవిన పడితే పని దొంగ అంటుందని ఇంకొకటి. ఆడవాళ్ళ రోగాలైతే ఇక సిగ్గు. అందుకని ఎవరి కష్టమైనా ఇంకొకరి మీద పెట్టి చెప్పేవాళ్ళు. మా చెల్లెకట, మా యారాలికట, మా వదినెకట. వినేవాళ్ళకు తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. లేని వదినెల పేరు మీద ఎన్ని కషాయాలు కాగాయో మా వాకిట్లో. అవ్వ అయితే వాళ్ళను వట్టిగా పంపేది కాదు. అట్లనా బిడ్డా, లోపలికి రా, మీ వదినెకు ఎక్కడ నొస్తుందో నీ మీద చూపెట్టు అనేది. వాళ్ళు లోపలికి పోయి చూపెట్టేవాళ్ళు, అవ్వ చెయ్యి పెట్టి చూసేది. వాళ్ళ మానం వాళ్ళకు దక్కేది, మందు కూడా అందేది.

పిలారమ్మ మా ఊరికి వచ్చేసరికి నేను పదో తరగతి పాసై ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆమె ఎక్కడో కోస్తాలో రెండేళ్ళుండి పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకుందట. కూర్చొనుడు, మీకు బాధ ఎచట కలుగుచున్నది అని అడిగేది. మా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. వాళ్ళు చెప్పేది ఆమెకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. బడి తెలుగులో నాకు మంచి మార్కులొచ్చాయని ఎవరో చెబితే నన్ను పిలిపించింది. అలా నేను దవాఖానలో ఒక ముక్కాలి పీట మీద కూర్చుని, ఎల్లారెడ్డి తెలుగును పుస్తకాల తెలుగులోకి మార్చే ఉద్యోగం సంపాదించాను. తెలుగు నుంచి తెలుగుకు! బాపు ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. నా గర్వం సంగతి చెప్పక్కర్లేదు. రెండు జడలు వేసుకుని, పౌడరు రాసుకుని, డాక్టరమ్మ లెక్క నడిచేదాన్ని. రెండేళ్ళయ్యాక నర్సు ట్రైనింగుకు హైదరాబాద్ పంపిస్తాను, ఉత్తరం నేనే రాసిస్తాను అని పిలారమ్మ మాటిచ్చింది. మా ఇంట్లో ఆడపిల్లకు అటువంటి దారి అంతకు ముందు లేదు.

వదినెల సంగతి నేను ఆమెకు ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. గాలి ఉందని ఎవరికైనా చెబుతామా? ఎవరైనా వచ్చి మా వదినెకు కడుపునొస్తుంది అంటే, ఈమెకు కడుపునొప్పిగా ఉన్నదట అని నేరుగా చెప్పేసేదాన్ని. అవ్వ నేర్పిన మాటే ఆ మనిషితో అనేదాన్ని, లోపలికి రా అక్కా, నీ మీద చూపెట్టు అని. పిలారమ్మ పరీక్ష చేసేది. ఏడాదిన్నర ఇలాగే నడిచింది. ఈలోపల ఆమెకు మా మాటలు కొన్ని పట్టుబడ్డాయి. వదినె, చెల్లె, అత్త, ఇట్లాంటివి ముందుగా. ఒకనాడు హైదరాబాద్ నుంచి వాళ్ళ పెద్ద సిస్టరు చూడటానికి వచ్చింది. ఆమె ముందర ఒక ముసలామె వచ్చి, మా చెల్లెకు దగ్గొస్తుంది అంది. ఈమెకు దగ్గు వస్తున్నది అన్నాను నేను. పిలారమ్మ చటుక్కున తలెత్తింది. ఆమె చెల్లెలు అన్నది, నేను విన్నాను, నీవు ఈమె అంటున్నావు, ఇన్నాళ్ళూ ఇలాగే నీ ఇష్టం వచ్చినట్టు మార్చి చెబుతున్నావా అని అడిగింది. రోగి అన్నది అన్నట్టే చెప్పు, నీవు ఏమీ కలపకు, ఏమీ మార్చకు అంది. వాకిట్లో పదిమంది ఉన్నారు. పెద్ద సిస్టరు నన్ను పైనుంచి కిందికి చూసింది.

అప్పుడే నోరు విప్పి, అమ్మా, మా దిక్కు ఇట్లా ఉంటుంది అని చెబితే అయిపోయేది. రెండు నిమిషాల పని. కానీ నాకు చిన్నప్పటి నుంచి ముక్కు మీద కోపం. పదిమందిలో నన్ను అబద్ధాలకోరును చేసింది కదా అని పంతం పట్టాను. అన్నది అన్నట్టే కావాలా, ఇస్తా పో అనుకున్నాను. సరేనండీ అని మాత్రం పైకి అన్నాను. ఆ రాత్రి అన్నం తినలేదు. అవ్వ ఎందుకని అడిగితే కూడా చెప్పలేదు.

మర్నాడు అంగడి. జనం ఎక్కువ. మొదట వచ్చింది లచ్చవ్వ. గాంధారి దిక్కు నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరు ఆమెది. మా అమ్మతో పాటు బీడీల కార్ఖానాకు వస్తూ పోతూ ఉండేది కాబట్టి నాకు మొహం తెలుసు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఆమె అత్త బయట అరుగు మీద కూర్చుని ఉంది, లోపలి మాట అక్కడికి వినబడుతుంది. లచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని, మా వదినెకు నెల తప్పింది, కడుపుల ఒక పక్క పొడుస్తుందట, కండ్లకు చీకట్లొస్తున్నయట, బట్టకు కూడ అంటుతున్నదట అంది. ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి. నేను చూశాను. నడుము ఒక పక్కకు వంచి నిలబడింది, అది కూడా చూశాను. నాకు తెలుసు. నిలువునా తెలుసు. అయినా పీట మీద నిటారుగా కూర్చుని, వదినె అన్న మాటను ఒత్తి పలుకుతూ, ఈమె వదినెగారికి అని మొదలుపెట్టి, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క మార్చకుండా అప్పజెప్పాను. పిలారమ్మ కంగారు పడింది. ఇది చాలా ప్రమాదం, ఆమెను నడిపించవద్దు, బండి మీద ఇప్పుడే తీసుకురమ్మని చెప్పు, జీపులో నిజామాబాదు తీసుకుపోతాను అంది. నేను లచ్చవ్వ వైపు తిరిగి, మీ వదినెను బండి మీద జల్ది తోలుకరమ్మంటున్నది అన్నాను.

లచ్చవ్వ కదలలేదు. నా మొహంలోకి చూసింది. లోపలికి రా అక్కా, నీ మీద చూపెట్టు అనే మాట కోసం ఆగింది. ఆ మాట వస్తుందని అందరికీ తెలుసు, అందుకే అందరూ మా దవాఖానకు వచ్చేవాళ్ళు. నేను పక్కకు తిరిగి, తర్వాతోళ్ళు రండి అన్నాను. చెప్త అంది లచ్చవ్వ. అత్తతో కలిసి నడుచుకుంటూ పోయింది. పిలారమ్మ సాయంత్రం దాకా జీపును వాకిట్లోనే పెట్టి చూసింది. ఏ బండీ రాలేదు. నేను ఇంటికి పోతూ పోతూ కూడా, రేపు చెబుదాంలే, ఒక్క రోజు ఏడిపిద్దాం అనుకున్నాను. ఆ తెలివికి ఇప్పుడు కూడా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే పిలారమ్మ ఆ వదినెను వెతుక్కుంటూ నన్ను తీసుకుని జీపులో వాళ్ళ ఊరికి బయలుదేరింది. ఊరి మొదట్లోనే డప్పు వినబడింది. లచ్చవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. పిలారమ్మకు ఇంకా అర్థం కాలేదు, వదినె ఎక్కడ అని అడుగుతోంది. లచ్చవ్వ అత్త కొంగుతో మొహం తుడుచుకుని నాతో అన్నది, వదినె ఎక్కడిది బిడ్డా, నాకు ఆడపిల్లల్లేరు, దానికి అన్నల్లేరు అని. నేను ఆ మాటను పుస్తకాల తెలుగులోకి మార్చాను. అన్నది అన్నట్టే. పిలారమ్మ మొహం చూడలేక జీపు దగ్గరికి వచ్చేశాను. తిరుగుదారిలో ఆమె నోరు విప్పింది.

"నా ఎదురుగా నిలబడింది. నేను ఆమెను చూడలేదు," అంది. తర్వాత నా వైపు తిరిగి, "రాజమణీ, ఇక్కడ ఆడవారు ఇలాగే చెబుతారా? నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలియదండీ," అన్నాను.

నర్సు ట్రైనింగు ఉత్తరం ఇంకా రాయలేదు ఆమె. చెబితే రాయదని భయపడ్డాను. చంపింది నువ్వే అంటారని అంతకన్నా భయపడ్డాను. ఆ వర్షాకాలం ఆమె ఉత్తరం రాసింది, నేను హైదరాబాద్ పోయాను, నర్సునయ్యాను. నా జీతం, నా ఇల్లు, నా పిల్లల చదువులు, అన్నీ ఆ ఒక్క తెలియదండీ మీద నిలబడ్డాయి. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. పిలారమ్మ వచ్చిన ప్రతి ఆడమనిషినీ, పిల్లకు మందు కోసం వచ్చిన తల్లిని కూడా, కూర్చోబెట్టి కళ్ళ రెప్పలు లాగి చూసేది. ఆమె వెంట్రుకలు మూడేళ్ళలో నెరిశాయి. ఆ తర్వాత ఆమెను ఇంకెక్కడికో మార్చారు, అక్కడి నుంచి వాళ్ళ దేశానికి పంపారు. నేను ఒక్క ఉత్తరం రాయలేదు. ఏమని రాస్తాను?

గాంధారి తండాల్లో నేను పనిచేసిన రోజుల్లో ఎవరు వచ్చి ఎవరి రోగం చెప్పినా ముందు చెప్పిన మనిషి మణికట్టు పట్టుకునేదాన్ని. నీకు కాదులే అక్కా, ఊరికే చూస్తున్న అనేదాన్ని. అట్లా ఎంతమందికి ఒంట్లో రక్తం లేదని బయటపడిందో, ఎందరిని ఆటోలో వేసుకుని కామారెడ్డికి పరుగెత్తానో. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకు నేను మొదట నేర్పేది కూడా ఇదే. ఇప్పుడు కాలం మారిందంటారు. సగం నిజమే. మా కోడలు అందరి ముందరా డాక్టరుతో ఫోన్లో తన సంగతి తానే చెప్పుకుంటుంది, అత్తనైన నేను పక్కనే ఉన్నా లెక్క చేయదు, నాకు అది చూస్తే కడుపు నిండుతుంది. మా అమ్మకు ఆ ధైర్యం ఉంటే ఇంకో పదేళ్ళు బతికేది. కానీ మొన్ననే ఇంటర్ చదివే పిల్ల ఒకతి గేటు దగ్గర నిలబడి, ఆంటీ, మా ఫ్రెండ్‌కు అని మొదలుపెట్టింది. లోపలికి రా అన్నాను.

సుస్మిత దగ్గర నా చదువు మొదట్లో బాగానే సాగింది. పేరు, ఊరు, వయసు, కూరగాయలు. పట్టుదలకు నాకు తక్కువ లేదు. ఫ్రిజ్ మీద, అద్దం మీద, మా ఆయన మందుల డబ్బా మీద కాగితాలు అంటించాను. కోమో సి దగ్గరికి వచ్చేసరికి బండి దిగబడింది. కోమో సి అంటే అయినట్టు, ఉన్నట్టు అని చెప్పడం. మన తెలుగులో నట్టుకు కొదవా? నిమ్మకు నీరెత్తినట్టు, పుండు మీద కారం చల్లినట్టు, మనం పుట్టుకతోనే నట్టు మనుషులం. అయితే వాళ్ళ భాషలో ఒక పట్టింపు ఉంది. ఒకటి ఇంకొకటి అయినట్టు చెప్పాలంటే మామూలు క్రియ పనికిరాదు, దానికి వేరే రూపం వేయాలి. అవ్వడాన్ని ఫుయేరా అనాలి. నిజం కాదు, ఊరికే అనుకుంటున్నాం అని ఆ రూపమే చెబుతుందట. నేను పదిసార్లు పాత రూపమే అన్నాను. సుస్మిత విసుక్కోలేదు. మీ ఇంట్ల మనుషుల మీద వాక్యాలు చెయ్యి ఆంటీ, నోటికొస్తది అంది. మా ఆయన మంత్రి అయినట్టు కూర్చుంటాడు, కోమో సి ఫుయేరా మినిస్త్రో. మా ఆడబిడ్డ ఈ ఇల్లు తనదైనట్టు మాట్లాడుతుంది. నవ్వుకుంటూ ఇరవై వాక్యాలు చేశాను. నాలుక తిరిగింది.

ఆ తర్వాతి ఆదివారం జరిగిపోయిన వాటికి ఇంకో రూపం చెప్పింది. ఏమీ జరగనట్టు అనడానికి కోమో సి నో ఉబియేరా పసాదో నాదా అనాలట. నా నోటుబుక్కులో రాసి, ఆమె ఏమీ జరగనట్టు బతికింది అని స్పానిష్‌లో చెప్పు ఆంటీ అంది. పిల్ల పుస్తకంలో ఉన్న వాక్యమే చదివింది, దానికేం తెలుసు. నోటుబుక్కు మూసి ఏడ్చాను. ఆ పిల్ల బెదిరిపోయి నీళ్ళు తెచ్చింది. అప్పుడు లచ్చవ్వ సంగతి మొత్తం చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పనిది ఇరవై నాలుగేళ్ళ దోమకొండ పిల్లకు చెప్పాను. అది అంతా విని, ఓదార్చకుండా, సరే ఆంటీ, ఏమేం చెప్పాల్నో చెప్పు, చిన్నచిన్న వాక్యాలు చేద్దాం అంది. అందుకే ఆ పిల్లంటే నాకు ప్రాణం.

నాలుగు వాక్యాలయ్యాయి. లచ్చవ్వ ఆబ్లాబా కోమో సి లా ఎన్‌ఫెర్మా ఫుయేరా సు కున్యాదా. రోగి తన వదినె అయినట్టు లచ్చవ్వ మాట్లాడింది. లా ఎన్‌ఫెర్మా ఎరా ఎయ్యా. రోగి ఆమే. యో లో సబీయా. నాకు తెలుసు. నో సె లో దిహే. మీకు చెప్పలేదు. వంట చేస్తూ, బట్టలారేస్తూ, కూరగాయలకు పోతూ నలభై రోజులు ఇవే నమిలాను. స్నేహితులతో మాట్లాడినట్టు నువ్వు అని కూడా అనొచ్చు ఆంటీ, అక్కడ అట్లనే అంటరు అని సుస్మిత చెప్పింది. నేను ఒప్పుకోలేదు. మీరు అనే రూపమే వేయించుకున్నాను.

కేరళ సిస్టరు అక్కడి వాళ్ళతో మాట్లాడి ఒక మధ్యాహ్నం ఖాయం చేసింది. మనకు మూడు గంటలంటే వాళ్ళకు ఇంకా పొద్దున. సుస్మితను పక్కన కూర్చోబెట్టుకున్నాను, నోరు విప్పనని ఒట్టు వేయించుకుని. ఫోనులో ముందు ఒక పడుచు పిల్ల కనిపించింది, తర్వాత ఆ పిల్ల ఫోనును తిప్పింది. కిటికీ పక్కన కుర్చీలో పిలారమ్మ. సగానికి సగమైంది. కళ్ళు మాత్రం అవే. నేను నా పేరు చెప్పాను. రాజమణి అని తనలో తాను రెండుసార్లు అనుకుంది. ఆ పలకడంలో ఆమెకు నేను దొరికానని అర్థమైంది. ఇక ఆగితే నావల్ల కాదని, బాగున్నారా అని కూడా అడగకుండా, నాలుగు వాక్యాలూ చెప్పేశాను. ఫుయేరా దగ్గర తడబడలేదు.

అర్థం కాలేదేమోనని ఇంకోసారి, ఇంకా మెల్లగా చెప్పాను. అప్పుడు ఆమె చెయ్యి కుర్చీ మీంచి లేచి గాలిలో ఆగింది, చాలు అన్నట్టు. మాట కూడదీసుకుని, ఒక్కొక్క ముక్కే బయటికి తీస్తూ అడిగింది.

"క్వాన్తోస్ ఆన్యోస్ తెనీయాస్?"

అది నేను మొదటి ఆదివారమే నేర్చుకున్న ప్రశ్న. అప్పుడు నీకు ఎన్నేళ్ళు?

"దియెసిసెయిస్," అన్నాను. పదహారు.

ఆమె తల ఊపింది. తన ఎదను వేలితో చూపించుకుంది. "యో, క్వారెన్తా ఇ ఉనో."

నాకు నలభై ఒకటి. అంతే అంది. నాకు అర్థమైంది. చిన్నపిల్లవు, పెద్దదాన్ని నేను, తప్పు నాదే అంటోంది. ఆమె నెత్తి మీది బరువు దింపుదామని ఇన్ని నెలలు కష్టపడి నేనొస్తే, ఆమె నా దాన్ని కూడా తన వైపుకే లాక్కుంటోంది. నాకు చటుక్కున కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. పదహారేళ్ళప్పుడు వచ్చిన కోపం లాంటిదే, కానీ ఈసారి నోరు మూసుకోలేదు. పక్కన సుస్మిత ఏదో అందించబోతే దాని చెయ్యి పట్టి ఆపాను. మాటలు నేనే వెతుక్కున్నాను.

"నో," అన్నాను. "లా మితాద్ ఎస్ మీయా."

సగం నాది. పిలారమ్మ నన్ను చూస్తూ ఉండిపోయింది. ఫోను పట్టుకున్న పిల్ల అటూ ఇటూ చూసింది. నేను కళ్ళు దించలేదు. మళ్ళీ అన్నాను, సగం నాది అని. పిలారమ్మ పెదవి ఒక పక్క వణికింది, రెండో పక్క కదలదు ఆమెకు.

"బ్వేనో," అంది. "లా మితాద్."

సరే, సగం. నా సగం నేను తీసుకున్నాను.